ఫ్రిజ్ మీద సవరణలు

నా కూతురు తాడు కిందనుంచి దూరి ఇవతలికి వచ్చేసింది.

ఆదివారం పొద్దున ఏడు దాటింది. యూనివర్సిటీ క్యాంపస్ ఈతకొలనులో నేను మెడదాకా నీళ్లలో నిలబడి ఉన్నాను. నా పక్కన గోడమీద నీలిరంగుతో '5 అడుగులు' అని రాసి, కింద ఒక గీత గీసి ఉంది. తాడుకు అవతల పిల్లల నీళ్లు. అక్కడ ఆమె కాళ్లు అడుగుకు అందుతాయి. ఇవతల అందవు. ఆమెకు పదేళ్లు. తాడు నుంచి నా దాకా పన్నెండు బారలు వేయాలని కోచ్ చెప్పాడు.

మొదటి నాలుగు బాగానే వేసింది. అయిదో బారకు మొహం పైకెత్తి, నేనెక్కడున్నానో చూసుకుంది. గట్టుమీద నుంచి కోచ్ నాకు చేత్తో సైగ చేస్తున్నాడు. వెనక్కి, వెనక్కి. నేను కదల్లేదు. కదలకుండా నిలబడడం అంత కష్టమని అప్పటిదాకా నాకు తెలియదు. వెనక్కి జరగడం మాట అటుంచి, ఎదురెళ్లి ఎత్తుకోమని రెండు కాళ్లూ లాగుతున్నాయి. ఏడు, ఎనిమిది. నీళ్లు మింగింది, దగ్గింది, మళ్లీ మొహం ముంచింది. నాకు ఈత రాదు. గట్టుమీద కోచ్ ఉన్నాడు కాబట్టి భయం లేదని బుద్ధికి తెలుసు, గుండెకు తెలియదు. పది. పదకొండు. తడిసిన చిన్న చెయ్యి వచ్చి నా భుజాన్ని గోళ్లు దిగేలా పట్టుకుంది.

"నాన్నా, నువ్వు కదల్లే! ఆడనే ఉన్నవ్!" అని కొలను మొత్తానికి వినిపించేలా అరిచింది.

తాను ఈదిన సంగతి ఆమెకు ఆ తర్వాత ఎప్పటికో గుర్తొచ్చింది. పేపర్లో వార్తలు రాస్తూ, దిద్దుతూ ఇరవై ఆరేళ్లు గడిపాను. నా మీద అంత మంచి హెడ్డింగు ఎవరూ పెట్టలేదు. నీళ్లలోనే గెంతాలనిపించింది. అయిదడుగుల నీళ్లలో గెంతే ధైర్యం లేక ఊరుకున్నాను.

కదలకుండా నిలబడడం ఒక తండ్రికి అంత పెద్ద సంగతి ఎలా అయిందో చెప్పాలంటే, మా కింది ఫ్లాటు పెద్దాయన దగ్గర మొదలుపెట్టాలి.

మేముండేది తార్నాకలో, మెట్రో దిగి నడిచి వచ్చేంత దూరంలో, మూడో అంతస్తులో. నా భార్య క్యాంపస్ లైబ్రరీలో పనిచేస్తుంది. వాళ్లది కర్నూలు వైపు. మా కింద రెండో అంతస్తులో ఉండే పెద్దాయన క్యాంపస్‌లోనే గాజు పని చేసి రిటైరయ్యారు. సైన్సు వాళ్లకు కావలసిన ఫ్లాస్కులు, గొట్టాలు మంటమీద తిప్పుతూ, ఊదుతూ తయారుచేసేవారు. శుక్రవారం సాయంత్రం పొద్దు వాలకముందే వాళ్ల కిటికీలో రెండు దీపాలు వెలిగేవి. శనివారం ఆయన లిఫ్టు ఎక్కరు, ఫోను ఎత్తరు. శనివారం ఒక్కపొద్దు ఉంటారని మా అపార్టుమెంటులో సగంమంది నమ్మకం. చర్చికి పోయేవాళ్లని మిగతా సగం. ఒకరోజు వాచ్‌మన్ ఉండబట్టలేక అడిగేశాడు.

"మేం యూదులమయ్యా" అన్నారాయన.

"ఇజ్రాయిల్ నుంచి వచ్చిన్రా సార్?"

"గుంటూరు జిల్లా నుంచి వచ్చా. మా తాతలదీ అక్కడే."

తెలుగు మాట్లాడే యూదు కుటుంబాలు అటువైపు ఉన్నాయని పేపర్లో పనిచేసే నాకే తెలియదు. సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే పలకరించడం మొదలుపెట్టాను. మా అమ్మాయికి అలాంటి మొహమాటాలేమీ లేవు. శుక్రవారం సాయంత్రం హబ్సిగూడ నుంచి ఆయన మనవరాళ్లు వస్తారు, ఆటలుంటాయి, ఇంట్లో కాల్చిన రొట్టె ఉంటుంది. అది చాలు ఆమెకు. దీపాలు పెట్టాక ఆయన పిల్లల్ని ఒక్కొక్కరినీ పిలిచి, తలమీద రెండు చేతులూ ఉంచి మెల్లగా దీవించేవారు. ఒకసారి మా అమ్మాయి కూడా వెళ్లి వరసలో చివర నిలబడింది. పెద్దాయన గుమ్మంలో ఉన్న నావైపు చూశారు. నేను తలూపాను. ఆమెకు తెలుగులో దీవెన దొరికింది. ఇంటికొచ్చాక రెండు రోజులు తలస్నానం చేయనంది.

ఇక నా సంగతి. శుక్రవారం సెలవు తప్ప, రోజూ మధ్యాహ్నం మూడింటికి ఆఫీసుకు పోయే మనిషిని. పిల్లతో గడిపే వేళ తక్కువ. ఆ లోటును మాటలతో పూడ్చేవాణ్ని. సైన్స్ మ్యూజియంకు పోదాం, మెట్రోలో చివరిదాకా పోయి తిరిగొద్దాం, వచ్చే ఆదివారం పక్కా. ఆదివారం వచ్చేది, ఆఫీసు నుంచి ఫోనూ వచ్చేది. నాలుగు ఆదివారాలు అలాగే పోయాయి. అయిదోసారి మెట్ల మీద దిగుతూ "వచ్చే సండే పక్కా బిడ్డా" అన్నాను.

"సరేలే నాన్నా" అంది.

కోపం లేదు, అలక లేదు. పేపర్లో రాశిఫలాలు చదివి మడిచి పక్కన పడేసినట్టు అంది. అప్పుడే పెద్దాయన కూరగాయల సంచితో ఎదురొచ్చారు. పిల్ల ముందుకు పరుగెత్తాక, నన్ను ఆపారు.

"ఏవండీ జర్నలిస్టు గారూ, ఏమనుకోరుగా. మా పెద్దవాళ్లు ఒక మాట చెప్తారు. పిల్లలకి ఫలానాది ఇస్తానని చెప్పి ఇవ్వకపోతే, ఎగ్గొట్టింది ఆ వస్తువొక్కటే కాదంటారు. అబద్ధం ఎట్లా ఆడాలో కూచోబెట్టి నేర్పినట్టేనంటారు."

"ఉద్యోగం అట్లాంటిది సార్. రేపేమైతదో నాకే తెల్వదు."

"అయితే తెలియదనే చెప్పండి. అదీ మాటేగా? మీ పేపర్లో రేపు వాన పడుద్దని మీ అంతట మీరే రాసేస్తారా?"

ఆ సాయంత్రం ఆఫీసులో ఒక రిపోర్టరు కాపీ దిద్దుతున్నాను. వచ్చే నెల వంతెన తెరుస్తారని రాశాడు. ఎవరు చెప్పారో లేదు. ఫోన్ చేసి "ఎవరు చెప్పిన్రు? ఊకనే రాస్తవా?" అని గద్దించి, ఆ వాక్యం కొట్టేశాను. ఇరవై ఆరేళ్లుగా చేస్తున్న పని అదే. ఆరోజు మాత్రం ఫోన్ పెట్టేశాక 'సరేలే నాన్నా' చెవిలో మోగింది. ఇంట్లో నేను వేసే వార్తలన్నీ రేపటివే. ఒక్కదానికీ ఆధారం లేదు. వాటిని కొట్టేసేవాడు లేడు.

తప్పు పడితే పేపరువాళ్లం ఏం చేస్తామో అదే చేశాను. మర్నాడు పొద్దున తెల్లకాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అయస్కాంతంతో అంటించాను. 'సవరణ: గత నాలుగు ఆదివారాలుగా ఈ ఇంట్లో వెలువడిన మ్యూజియం వార్త నిజం కాదు. ఆధారాలు చూసుకోకుండా ప్రకటించినందుకు చింతిస్తున్నాం. ఇట్లు, నాన్న.'

పిల్ల పళ్లు తోముకుంటూ వచ్చి చదివింది. బ్రష్ నోట్లోనే ఉంచుకుని మళ్లీ చదివింది.

"చింతిస్తున్నామంటే ఎంతమంది?"

"నేనొక్కన్నే."

"మరి అమ్మను, నన్ను ఎందుకు కలిపినవ్?"

పెన్ను తెచ్చి తనే దిద్దింది. ఆ తర్వాత కాగితాన్ని కాసేపు చూసి, నావైపు చూసింది. చాలా రోజుల తర్వాత ఆ చూపులో కొంచెం ఆసక్తి కనిపించింది. అబ్బ, ఎంత సంబరమైందో!

నా భార్య టిఫిన్ డబ్బా కట్టుకుంటూ తొంగిచూసి, "ఫ్రిజ్ చాలదప్పా నీకు. బీరువా తలుపులు గూడా కావాల" అంది.

నవ్వింది కానీ ఆమె కూడా చిక్కింది. వారం తిరక్కుండానే 'రెండు నిమిషాల్లో వస్తాండా' అని లైబ్రరీ నుంచి ఫోన్ చేసి ముప్పావుగంటకు వచ్చినందుకు ఫ్రిజ్ మీద సవరణ వేసుకోవలసి వచ్చింది. మా ఇంట్లో అది పద్ధతయిపోయింది. నేను 'పక్కా' అనడం మానేశాను. 'తెల్వదు, కనుక్కొని చెప్తా' అనడం నేర్చుకున్నాను. మొదట్లో ఆ మాట అంటుంటే బాధ్యత నుంచి తప్పుకుంటున్నట్టు అనిపించేది. విచిత్రమేమిటంటే, తెల్వదని చెప్పిన ఆదివారమే మ్యూజియానికి వెళ్లగలిగాం.

మార్చిలో ఒక శుక్రవారం, రొట్టె తింటుండగా పెద్దాయన ఇంకో మాట చెప్పారు. తండ్రి కొడుక్కి ధర్మం నేర్పాలి, బతకడానికి ఒక చేతిపని నేర్పాలి, ఈత కూడా నేర్పాలని వాళ్ల పాత గురువుల్లో కొందరు చెప్పారట.

"కొడుక్కేనా? కూతురికి వద్దా?" మా అమ్మాయి వెంటనే అడిగేసింది.

పెద్దాయన మొహం వెలిగిపోయింది. కుర్చీలోంచి లేచారు. "అడిగింది చూశారా! మా పండక్కి అందరికంటే చిన్నవాళ్లు ప్రశ్న అడిగితే గానీ కథ మొదలవదు. అడగాలి తల్లీ. పాత మాటలో కొడుకనే ఉంది. నాకు ముగ్గురూ ఆడపిల్లలే. ముగ్గురికీ కాలవలో నేర్పాను. ఎవరేమంటారో అననీ."

"ఈతే ఎందుకు తాతా?"

"నీళ్లలో పడ్డప్పుడు నాన్న పక్కన ఉండడుగా."

పిల్ల రొట్టె నములుతూ ఆలోచించి నావైపు తిరిగింది. "నాన్నా, నీకొస్తదా?"

"రాదు."

"మీ నాయిన నేర్పలేదా?"

నేర్పలేదు. మా ఊళ్లో వ్యవసాయ బావి ఉండేది. ఎండాకాలం వస్తే పిల్లలకు మునగకుండా నడుముకు జిలుగు బెండ్లు కట్టి బావిలోకి తోసేవాళ్లు. నేను ఒడ్డున కూర్చుని చూసేవాణ్ని. "వచ్చే ఎండకాలం నేర్పిస్త కొడకా" అనేవాడు మా నాయిన. మూడు ఎండాకాలాలు అన్నాడు. నాలుగోదానికి ఆయనకు పట్నంలో పని దొరికి గోల్నాక వచ్చేశాం. గోల్నాక పక్కన మూసీ ఉంది, కానీ దానిలో ఎవరూ ఎవరికీ ఈత నేర్పరు. ఆయన అబద్ధమాడాడని నేనెప్పుడూ అనుకోలేదు. అసలు ఆ సంగతే మరిచిపోయాను. కానీ సముద్రం దగ్గరికి పోయినా, చెరువు దగ్గరికి పోయినా మోకాళ్లు దాటి దిగేవాణ్ని కాదు. ఎందుకని ఎవరైనా అడిగితే జలుబు చేస్తుందనేవాణ్ని.

"నువ్వు దిగుతే నేను దిగుతా" అంది పిల్ల.

వచ్చే వారం పక్కా అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. "తెల్వదు బిడ్డా. రేపు క్యాంపస్‌ల కనుక్కొని చెప్తా" అన్నాను. కనుక్కున్నాను. వేసవి బ్యాచ్‌కు ఇద్దరి పేర్లూ ఇచ్చాను.

నలభై ఎనిమిదేళ్ల వయసులో రబ్బరు టోపీ పెట్టుకుని మూడడుగుల నీళ్లలో దిగాను. చుట్టూ నా ఛాతీకి రాని పిల్లలు. గట్టు పట్టుకుని కాళ్లు కొట్టడం, మొహం ముంచి బుడగలు వదలడం. మొహం ముంచడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. పక్కనున్న ఓ చిట్టి పాప జాలిపడి, "అంకుల్, పాట పాడినట్టు నోరు పెట్టండి, బబుల్స్ వస్తయ్" అని చూపించింది. నిజంగానే వచ్చాయి! ఆ రోజు ఆఫీసులో అందరికీ చెప్పాను. నా కూతురు రెండు వారాలకే చేప అయింది. నేను నిలబడి చప్పట్లు కొట్టేవాణ్ని అయ్యాను. నీళ్లలో నిలబడడం మాత్రం నాకు బాగా వచ్చింది. మూడడుగుల దగ్గర, తర్వాత నాలుగు, తర్వాత మెడదాకా అయిదు.

శనివారం క్లాసు అయ్యాక కోచ్ నన్ను పక్కకు పిలిచాడు.

"సార్, రేపు పాపను తాడు దాటిస్త. మీరు ఐదు ఫీట్ల గీత కాడ నిలవడున్రి. దగ్గరికొస్తున్నప్పుడు మెల్లగ వెనక్కి జరగాలె. ఇంకో నాలుగు బారలు ఎక్కువ కొడ్తది. అందరం గట్లనే నేర్సుకున్నం."

ఈత నేర్పేవాళ్లు లోకమంతా చేసే పనే అది. నడక నేర్పేటప్పుడు నేనూ చేశాను. సరేనన్నాను. స్కూటర్ ఎక్కాక, తార్నాక సిగ్నల్ దగ్గర, వెనకనుంచి నా వీపుకు ఆనుకుని మా అమ్మాయి అడిగింది.

"రేపు నువ్వు గీత కాడనే నిలబడతవా? సార్ జరుగుతడు. అందరి దగ్గర జరుగుతడు. నేను చూసిన."

సిగ్నల్ పచ్చగా మారింది. వెనక ఆటోవాడు హారన్ కొడుతున్నాడు.

"నిలబడత."

"పక్కా?"

రెండు నెలలుగా నా నోట రాని మాట అది.

"పక్కా" అన్నాను.

ఇంట్లో చెబితే నా భార్య తల పట్టుకుంది. "ఆయప్ప చెప్పిందే కరెక్టు. నీళ్లలో పడితే నీ సత్యం తేలుతుందా? బిడ్డకు ఈత రావాల, అంతే. ఒక అడుగు వెనక్కి పోతే అబద్ధమైపోతుందా యాడన్నా?"

మధ్యాహ్నం ఆఫీసుకు దిగుతుంటే మెట్ల మీద, శనివారం కనక లిఫ్టు వదిలేసి ఆయాసపడుతూ ఎక్కుతున్న పెద్దాయన్ని ఆపి అడిగాను. ఆయన మెట్టుమీద కూలబడి విన్నారు.

"మా వాళ్లు రెండు చేతుల సంగతి చెప్తారండీ. పిల్లల్ని ఎడం చేత్తో కాస్త నెట్టాలంట, కుడి చేత్తో దగ్గరికి తీసుకోవాలంట. మీ కోచ్‌ది నెట్టే చెయ్యి. దగ్గరికి తీసుకునేది మీ చెయ్యి."

"మరి ఎవరిది రైటు సార్?"

"నాకు తెలియదు. మా గురువులు ఇట్లాంటి వాటి మీదే తరాల తరబడి వాదించుకున్నారు. ఓడిపోయిన వాదన కూడా పారేయకుండా దాచుకున్నారు."

"మీరు కాలవలో నేర్పినప్పుడు జరిగిన్రా, నిలబడ్డరా?"

ఆయన పడీపడీ నవ్వారు. "జరిగానండీ! ముగ్గురి దగ్గరా జరిగాను. ముగ్గురికీ ఈతొచ్చింది. పెద్దది నలభై దాటినా ఇంకా దెప్పుతుంది, నాన్నా నువ్వు జరిగావని."

ఆ మర్నాడే నేను కదలకుండా నిలబడింది, ఆమె నా భుజం పట్టుకుంది.

కోచ్ నీళ్లలో దిగి ఆమె వీపు తట్టి, నావైపు తిరిగి పెదవి విరిచాడు. "జర జరిగి ఉంటే ఇంకో ఐదు కొడ్తుండె సార్. దమ్మున్నది పాపకు." నిజమే కావచ్చు. ఆ క్షణంలో నాకు వాదించే ఓపికా లేదు, అవసరమూ లేదు. హబ్సిగూడ టిఫిన్ సెంటర్‌లో ఇడ్లీ పెడుతున్నాయనకు కూడా మా అమ్మాయి చెప్పింది, "మా నాన్న కదల్లే" అని. ఆయన నన్ను ఎగాదిగా చూసి, చట్నీ ఇంకో గరిటె వేశాడు. ఇంటికి పోయాక ఫ్రిజ్ మీద సవరణలన్నీ పక్కకు జరిపి, మధ్యలో తన కాగితం పెట్టింది. 'వార్త: నాన్న గీత దగ్గరే నిలబడ్డాడు. నేను చూశాను.' చూసినవాళ్ల పేరుతో సహా ఇచ్చిన వార్త. నేను దిద్దడానికి ఏమీ లేదు.

ఆ వారం నుంచి అడిగినవన్నీ నన్నే అడిగింది. లెక్కలు నన్నే, బడిలో గొడవ నన్నే. 'సరేలే' మళ్లీ వినలేదు. ఒకరోజు అన్నం తింటూ, ఇంకొకటి అడిగింది.

"నైన్ ఫీట్ల కాడ నిలబడతవా నాన్నా?"

తొమ్మిదడుగుల దగ్గర ఎవరూ నిలబడలేరు. అక్కడ ఉండాలంటే ఈదాలి. నా భార్య చెంచా ఆపి నావైపు చూసింది.

"తెల్వదు బిడ్డా" అన్నాను.

ఆమె తలూపి, అన్నం కలుపుకుంది. మర్నాడు కోచ్ తానే లోతు వైపు దిగి, రమ్మని చేతులు చాచాడు. "వద్దు సార్, మీరు జరుగుతరు" అంది. ఎంత బతిమిలాడినా గీత దాటలేదు.

జూన్‌లో బడి తెరిచారు, వేసవి బ్యాచ్‌లు అయిపోయాయి. ఇప్పుడు ఆదివారాలు మాత్రమే వెళ్తున్నాం. తాడు నుంచి గీత దాకా ఆమె ఆగకుండా వస్తుంది. నాకు నాలుగు బారలు వచ్చు. గీత నుంచి లోతు వైపు గోడదాకా ఎన్ని బారలో ఇద్దరిలో ఎవరికీ ఇంకా తెలియదు.